జర్మనీలో మొదటి సెమిస్టర్: గది, క్లాసులు, ఇంటర్న్‌షిప్, నమాజు

పై చదువులంటే ఒకప్పుడు మన ఇళ్లలో అమెరికా మాటే. ఇప్పుడు హైదరాబాద్ నుంచి, గుంటూరు నుంచి, కర్నూలు నుంచి జర్మనీకి వెళ్తున్న పిల్లలు ఏటేటా పెరుగుతున్నారు. 2023-24 శీతాకాల సెమిస్టర్ లెక్కల ప్రకారం జర్మనీ యూనివర్సిటీల్లో భారతీయ విద్యార్థులు 49 వేలకు పైగా ఉన్నారు. విదేశీ విద్యార్థుల్లో అందరికంటే ఎక్కువ మంది మనవాళ్లే. ఈ దారి కొత్తదీ కాదు. 1897లో హైదరాబాద్‌లో పుట్టిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ 1926లో బెర్లిన్ యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ తీసుకునే తిరిగొచ్చారు. జామియా మిల్లియాను నిలబెట్టి, 1967లో దేశానికి రాష్ట్రపతి అయ్యారు.

జర్మనీకి గిరాకీ రావడానికి అసలు కారణం ఫీజు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావరకు ట్యూషన్ ఫీజు లేదు. ప్రతి సెమిస్టర్‌కీ కట్టే కొద్దిపాటి రుసుము ఉంటుంది, అంతే. అయితే మినహాయింపులున్నాయి. స్టుట్‌గార్ట్, హైడెల్‌బర్గ్ ఉండే బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులు 2017 నుంచి సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024-25 నుంచి కొత్తగా చేరే బయటి దేశాల వాళ్ల దగ్గర ఫీజు తీసుకుంటోంది. ప్రైవేటు యూనివర్సిటీల సంగతి పూర్తిగా వేరు. వాటి ఫీజులు లక్షల్లో ఉంటాయి, ఏజెంట్లకు కమీషన్ వచ్చేదీ ఎక్కువగా వాటి నుంచే. ‘జర్మనీలో చదువు ఫ్రీ’ అని మొదలుపెట్టి చివరికి ప్రైవేటు కాలేజీ పేరు చెప్పే ఏజెంటు దగ్గర కుటుంబాలు కాస్త ఆగి ఆలోచించాలి. సగం ఆన్‌లైన్, సగం క్లాసులో నడిచే కోర్సులైతే మరీ జాగ్రత్త. స్టూడెంట్ వీసా ఇచ్చేది అక్కడ ఉండి పూర్తిగా క్లాసులో చదివే చదువుకు.

ఫీజు లేదంటే ఖర్చు లేదని కాదు. మొదటి ఆరు నెలల్లో పిల్లలు తడబడేది చదువు దగ్గర కంటే గది, కాగితాలు, డబ్బు, పని గంటల దగ్గరే.

డబ్బు లెక్క

భారత విద్యార్థుల సర్టిఫికెట్లను పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ పత్రం 2022 నవంబర్ నుంచి తప్పనిసరి అయింది. ఆ తర్వాత పెద్ద మెట్టు బ్లాక్‌డ్ అకౌంట్. దీన్ని జర్మన్‌లో ష్పెర్‌కొంటో అంటారు. 2024 సెప్టెంబర్ నుంచి ఈ ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు వేసి చూపించాలి. డబ్బు విద్యార్థిదే, కానీ ఒక్కసారిగా తీసుకోనివ్వరు. నెలకు 992 యూరోలు మాత్రమే చేతికొస్తాయి.

చాలా కుటుంబాలు ఇక్కడే లెక్క తప్పుతాయి. నెలకు 992 అంటే బాగానే ఉందనిపిస్తుంది. స్టూడెంట్ హాస్టల్లో గదికి 300 నుంచి 400, హెల్త్ ఇన్సూరెన్స్‌కు 150 దాకా, తిండికి 200 పోతే నెల గడుస్తుంది. మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి ఊళ్లలో హాస్టల్ దొరక్క బయట గది తీసుకుంటే అద్దెకే 600, 700 పోతుంది, మిగిలేదేమీ ఉండదు. అంతకంటే ముఖ్యమైనది మొదటి నెల. గది అడ్వాన్స్‌ను అక్కడ కౌట్సియోన్ అంటారు. చట్టం ప్రకారం అది మూడు నెలల అసలు అద్దె దాకా ఉండొచ్చు. బ్లాక్‌డ్ అకౌంట్ నుంచి మొదటి నెలలో వచ్చేది 992 యూరోలే కాబట్టి అడ్వాన్స్, మొదటి అద్దె, పరుపు, దుప్పటి, చలికోటు అన్నీ అందులోంచి రావు. విడిగా 1,500 నుంచి 2,000 యూరోలు చేతిలో ఉండేలా చూసుకున్నవాళ్లకే మొదటి నెల ప్రశాంతంగా గడుస్తుంది. పైగా బ్లాక్‌డ్ అకౌంట్ డబ్బు కదలడం మొదలవ్వాలంటే అక్కడికెళ్లాక కొన్ని కాగితాలు చూపించాలి, మామూలు బ్యాంకు ఖాతా తెరవాలి. దానికి రెండు మూడు వారాలు పట్టినా ఆశ్చర్యం లేదు.

ఈ డబ్బు ఎక్కణ్నుంచి తేవాలన్నది చాలా ఇళ్లలో పెద్ద చర్చ. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ అంటే సూద్ మాట వస్తుంది. అందుకే కొందరు ఖాందాన్‌లోనే కర్జె హసనా తీసుకుంటారు, కొందరు ప్లాటు అమ్ముతారు. ఖాందాన్‌లో తీసుకున్నా కాగితం మీద రాసుకోవడం మంచిది. ఎవరు ఎంత ఇచ్చారు, ఎప్పుడు తిరిగివ్వాలి అన్నది తేలకపోతే రెండేళ్ల తర్వాత పెళ్లి ఇంట్లో ఆ మాటే గొడవవుతుంది. తెలంగాణలో మైనారిటీల కోసం ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం 2015 నుంచి ఉంది. జర్మనీ కూడా అందులో ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉన్నవాళ్లకు 20 లక్షల రూపాయల వరకు సాయం ఇస్తారు, విమానం టికెట్ ఖర్చు విడిగా ఇస్తారు. అయితే ఈ సొమ్ము విడతలుగా వస్తుంది. మొదటిది అక్కడ దిగినట్టు రుజువు ఇచ్చాక, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాలు పంపాక. కాబట్టి బ్లాక్‌డ్ అకౌంట్‌కు, మొదటి ఆరు నెలల ఖర్చుకు దీన్ని లెక్కలో వేసుకోలేం. పాస్‌పోర్టు మీద ఎయిర్‌పోర్టులో వేసిన ముద్ర ఫొటో, యూనివర్సిటీ ఎన్‌రోల్‌మెంట్ పత్రం దిగిన వారంలోనే ఇంటికి పంపించి పెట్టుకుంటే తర్వాత పరుగులుండవు.

సూట్‌కేసులో అమ్మీ పెట్టేవి

యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు సామానులో తీసుకెళ్లకూడదు. మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి, ఖీమా, నెయ్యి, పాలకోవా, ఖోవా మిఠాయిలు అన్నీ ఈ నిషేధంలోకే వస్తాయి. ఎంత ప్రేమతో కట్టినా కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే చెత్తబుట్టలోకే. పచ్చి కరివేపాకు, పచ్చి గోంగూర, మామిడికాయలు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా కుదరవు. ఖర్జూరం, కొబ్బరి, అరటి లాంటి ఐదారు రకాలకు మాత్రం మినహాయింపు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కారప్పొడి, మసాలాలు, చింతపండు, ఎండిన కరివేపాకు పట్టుకెళ్లొచ్చు. ప్రెషర్ కుక్కర్ తప్పకుండా పెట్టుకోవాలి. అక్కడ దొరికే వాటి ధర చూస్తే మనది మోసుకెళ్లిన బరువు మర్చిపోతారు.

ఇంగ్లిష్‌లో ఉన్న సర్టిఫికెట్ల ఒరిజినల్స్, బర్త్ సర్టిఫికెట్, వ్యాక్సిన్ రికార్డు, పాస్‌పోర్టు ఫొటోలు చేతి సంచిలో ఉండాలి. ఫొటోల విషయంలో ఆడపిల్లల తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది. మతపరమైన కారణంతో హిజాబ్ ఉన్న ఫొటోను వీసాకు, రెసిడెన్స్ పర్మిట్‌కు ఒప్పుకుంటారు. గడ్డం నుంచి నుదుటి దాకా ముఖం స్పష్టంగా కనిపిస్తే చాలు.

గది, పోస్టు డబ్బా, పేరు

స్టూడెంట్ హాస్టళ్లను స్టూడియరెండెన్‌వెర్క్ అనే సంస్థలు నడుపుతాయి. అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే అక్కడ దరఖాస్తు చేయాలి. వెయిటింగ్ లిస్టు నెలల తరబడి ఉంటుంది. అక్కడికెళ్లాక చూద్దాంలే అనుకున్నవాళ్లు అక్టోబర్‌లో స్నేహితుల గదుల్లో నేల మీద పడుకుంటున్నారు. హాస్టల్ కాకపోతే నలుగురైదుగురు కలిసి అద్దెకుండే షేర్డ్ ఫ్లాటు. దీన్ని అక్కడ వే-గే అంటారు. ఆడపిల్లలకు మాత్రమే ఉండే వే-గేలు, విడిగా బాత్రూము ఉన్న ఒంటి గదులు కూడా ఉంటాయి. ప్రకటనలోనే ఆ మాట రాసి ఉంటుంది. అమ్మాయిని పంపే ఇంట్లో ఈ సంగతి ముందే మాట్లాడుకుని, వంటిల్లు, బాత్రూము ఎవరితో పంచుకోవాలో స్పష్టంగా అడిగి తెలుసుకోవాలి. హాస్టల్ అనగానే మన లేడీస్ హాస్టల్ లాగా ఉంటుందని అనుకోకూడదు. అక్కడ ఒకే అంతస్తులో అబ్బాయిలు, అమ్మాయిలు ఉండటం మామూలే.

మోసాలూ ఇక్కడే ఎక్కువ. అందమైన ఫొటోలు, తక్కువ అద్దె, ‘నేను ఇప్పుడు వేరే దేశంలో ఉన్నాను, అడ్వాన్స్ పంపితే తాళాలు పోస్టులో పంపిస్తా’ అన్న మాట. ఈ మూడూ కలిసి కనిపిస్తే అది మోసమే. గది చూడకుండా, లేదా నమ్మకమైన మనిషి చూడకుండా ఒక్క యూరో కూడా పంపకూడదు.

ఇంట్లోకి చేరిన రెండు వారాల్లోగా ఊరి ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. దీని పేరు ఆన్‌మెల్డుంగ్. ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం లేకుండా ఈ పని కాదు. అందుకే ఆ సంతకం పెట్టనన్న యజమాని గది ఎంత చవకైనా వద్దు. బ్యాంకు ఖాతా, రెసిడెన్స్ పర్మిట్, జీతం మీద పన్ను నంబర్ అన్నీ ఈ ఒక్క నమోదు మీదే ఆధారపడి ఉంటాయి. పెద్ద ఊళ్లలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కాబట్టి ఇండియాలో ఉండగానే ఆన్‌లైన్‌లో వెతకడం మొదలుపెట్టాలి.

చిన్నదిగా కనిపించే సంగతి ఒకటుంది, కానీ నెల రోజులు తినేస్తుంది. జర్మనీలో పోస్టుమాన్ ఫ్లాటు నంబరు చూడడు, డబ్బా మీద పేరు చూస్తాడు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. పన్ను నంబరు, బ్యాంకు కార్డు పిన్, ఇన్సూరెన్స్ కార్డు అన్నీ పోస్టులోనే వస్తాయి. చేరిన రోజే కాగితం మీద పేరు రాసి డబ్బాకు అంటించాలి. మనవాళ్లకు ఇంకో చిక్కు: పాస్‌పోర్టులో షేక్, మొహమ్మద్, సయ్యద్ ఇంటిపేరుగా ఒకచోట, అసలు పేరుగా ఒకచోట ఉంటాయి. కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. యూనివర్సిటీలో ఒక రకంగా, బ్యాంకులో ఇంకో రకంగా పడితే తర్వాత సరిచేయడం తలనొప్పి. మొదటి ఫారం నుంచి చివరి ఫారం దాకా పాస్‌పోర్టులో ఉన్నట్టే, అదే వరుసలో రాయాలి.

వీసా గడువు ముగిసేలోగా విదేశీయుల ఆఫీసులో రెసిడెన్స్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టాలి. గడువు లోపల పెట్టిన దరఖాస్తు ఉంటే, కార్డు ఆలస్యమైనా తాత్కాలిక పత్రంతో నిశ్చింతగా ఉండొచ్చు. గడువు దాటాక పెడితే ఆ రక్షణ ఉండదు. 30 ఏళ్ల లోపు వాళ్లకు ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్ విద్యార్థి రేటుకు దొరుకుతుంది. 30 దాటితే ఆ రేటు ఉండదు కాబట్టి వయసు ఎక్కువున్నవాళ్లు ముందే లెక్క చూసుకోవాలి. టీవీ ఉన్నా లేకున్నా ఇంటికి నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము వస్తుంది. అదేదో మోసపు ఉత్తరం అనుకుని పారేయకూడదు. ఫ్లాటులో ఉన్నవాళ్లంతా కలిసి ఒక్కటి కడితే చాలు.

ఇంటి మర్యాదలు కొన్ని తెలిసుండాలి. రాత్రి 10 తర్వాత, ఆదివారం రోజంతా చప్పుడు చేయకూడదు. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. రోజుకు రెండు మూడుసార్లు కిటికీలు పూర్తిగా తెరిచి గాలి మార్చాలి, లేకపోతే గోడలకు బూజు పట్టి అడ్వాన్స్‌లో కోత పడుతుంది. బగారా అన్నానికి తాలింపు వేసినప్పుడు మరీను.

క్లాసులు: ఎవరూ అడగరు, అదే ప్రమాదం

శీతాకాల సెమిస్టర్ కాగితం మీద అక్టోబర్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. క్లాసులు అక్టోబర్ మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. అప్లయిడ్ సైన్సెస్ కాలేజీల్లో కొంచెం ముందే మొదలవుతాయి. టైమ్‌టేబుల్లో 10 గంటలు అని రాసి పక్కన ‘సి.టి.’ అని ఉంటే క్లాసు 10:15కి. ‘ఎస్.టి.’ అని ఉంటే సరిగ్గా 10కే. ఆ రెండో రకం క్లాసుకు ఆలస్యంగా వెళ్లడం చాలా ఇబ్బందిగా ఉంటుంది.

ఒక్కో సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు. ఒక్క క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. లెక్కేస్తే వారానికి ఫుల్‌టైమ్ ఉద్యోగమంత చదువు. కానీ చాలా లెక్చర్లలో అటెండెన్స్ ఉండదు, ఇంటర్నల్స్ ఉండవు, ఇంటికి ఫోన్ చేసే ప్రిన్సిపాల్ ఉండడు. చివర్లో ఒక్క పరీక్ష, మార్కులన్నీ దాని మీదే. మన కాలేజీల్లో మిడ్ ఎగ్జామ్‌లు, అసైన్‌మెంట్లతో గట్టెక్కే అలవాటున్న పిల్లలకు ఇది మొదటి దెబ్బ. నవంబర్ హాయిగా గడిచిపోతుంది, జనవరిలో గుండె జారుతుంది.

పరీక్ష రాయాలంటే విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. ఆ గడువు చాలాచోట్ల నవంబర్, డిసెంబర్‌లలోనే ముగుస్తుంది. కోర్సులో చేరితే పరీక్షకు పేరు దానంతటదే పడదు. మార్కులు కూడా తలకిందులుగా ఉంటాయి: 1.0 అన్నిటికంటే మంచిది, 4.0 దాకా పాస్, 5.0 ఫెయిల్. ‘మీవాడికి నాలుగొచ్చిందట’ అని బంధువులు మెచ్చుకుంటే నవ్వి ఊరుకోవడమే.

చాలా యూనివర్సిటీల్లో ఒక్కో పరీక్షకు మూడు అవకాశాలే. మూడోసారి కూడా పోతే ఆ కోర్సు నుంచి పేరు తీసేస్తారు. అదే కోర్సులో జర్మనీలోని ఇంకో యూనివర్సిటీలో చేరే వీలు కూడా సాధారణంగా పోతుంది. చదువు పోతే దాని మీద ఇచ్చిన రెసిడెన్స్ పర్మిట్ కూడా చిక్కులో పడుతుంది. సప్లీలు ఎన్నైనా రాయొచ్చన్న మన ధీమా అక్కడ పనికిరాదు. కాబట్టి మొదటి సెమిస్టర్‌లో ఆరు సబ్జెక్టులు నెత్తిన వేసుకునే బదులు నాలుగు గట్టిగా పాసవడమే తెలివైన పని. సిద్ధంగా లేనప్పుడు గడువులోగా పరీక్ష నుంచి పేరు వెనక్కి తీసుకునే వీలుంటుంది. అది ఓటమేమీ కాదు, ఒక అవకాశం మిగుల్చుకోవడం.

ఇంటర్న్‌షిప్, పార్ట్‌టైమ్: రోజుల లెక్క

2024 మార్చి నుంచి విదేశీ విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేయొచ్చు. సగం రోజంటే నాలుగు గంటల దాకా. అంతకుముందు ఇది 120 రోజులే. యూనివర్సిటీలోనే ప్రొఫెసర్ దగ్గర చేసే స్టూడెంట్ అసిస్టెంట్ పని ఈ లెక్కలోకి రాదు. దాన్ని వాడుకలో ‘హివి’ అంటారు. చదువుకు దగ్గర, క్యాంపస్‌లోనే, నమాజుకు వీలు. మొదటి సెమిస్టర్‌లో వెతకాల్సిన పని ఏదైనా ఉందంటే ఇదే.

ఇంటర్న్‌షిప్‌ను ప్రాక్టికుమ్ అంటారు. అందులో రెండు రకాలున్నాయి, తేడా తెలియక నష్టపోయేవాళ్లే ఎక్కువ. కోర్సు నియమావళిలోనే తప్పనిసరి అని రాసి ఉన్న ఇంటర్న్‌షిప్ ఒక రకం. అప్లయిడ్ సైన్సెస్ కాలేజీల బ్యాచిలర్ కోర్సుల్లో ఒక సెమిస్టర్ మొత్తం కంపెనీలోనే గడుస్తుంది. ఈ రకం 140 రోజుల్లో లెక్కపడదు. కానీ దీనికి కనీస వేతన చట్టం వర్తించదు, కంపెనీ ఎంతిస్తే అంత. రెండోది విద్యార్థి తనంతట తాను చేసే ఇంటర్న్‌షిప్. మూడు నెలలు దాటితే దీనికి కనీస వేతనం ఇవ్వాల్సిందే. 2026 జనవరి నుంచి అది గంటకు 13.90 యూరోలు. వారానికి 40 గంటలైతే కోతలు పోకముందు నెలకు 2,400 దాకా వస్తుంది. అయితే ఇది 140 రోజుల్లో లెక్కపడుతుంది. ఆరు నెలల ఇంటర్న్‌షిప్ అంటే 26 వారాలు, వారానికి ఐదు రోజులు, మొత్తం 130 రోజులు. ఆ ఏడాదికి మిగిలేది 10 రోజులే. అంతకుముందే రెస్టారెంట్‌లోనో గోడౌన్‌లోనో రోజులు వాడేసుకున్నవాడికి మంచి కంపెనీ ఇంటర్న్‌షిప్ వచ్చినా చేయలేని పరిస్థితి వస్తుంది. అందుకే జనవరి నుంచి డిసెంబర్ దాకా ఎన్ని రోజులు పని చేశారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోవడం చాలా అవసరం.

చేతికి నగదు ఇస్తాం, కాగితాలు వద్దనే పని చట్టవిరుద్ధం. ఫుడ్ డెలివరీలో సొంత కాంట్రాక్టర్‌గా చేరమనే పనీ ప్రత్యేక అనుమతి లేకుండా చేయకూడదు, ఎందుకంటే స్టూడెంట్ పర్మిట్ ఉద్యోగానికి ఇస్తుంది కానీ స్వయం ఉపాధికి కాదు. ఇంటి నుంచి డబ్బు ఆలస్యమైన నెలలోనే ఈ ఆశ పుడుతుంది. అందుకని ఇంట్లోవాళ్లు ‘ఎలాగో సర్దుకో’ అనే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మొదటి సెమిస్టర్‌లోనే పెద్ద కంపెనీలో ఇంటర్న్‌షిప్ వస్తుందన్న ఆశ పెట్టుకోకూడదు. దరఖాస్తుకు, చేరడానికి మధ్య మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఏప్రిల్‌లో చేరాలంటే అక్టోబర్, నవంబర్‌లలోనే పంపడం మొదలుపెట్టాలి. కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నా ఆఫీసులో జర్మన్ బి1 స్థాయి ఉన్నవాడికి, లేనివాడికి తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఉండగానే ఏ1, ఏ2 పూర్తి చేసి వెళ్లడమే మంచిది. చలికాలంలో, కొత్త ఊళ్లో, క్లాసుల మధ్య మొదలుపెట్టిన భాష సాగదు.

భాషలో ఒక్క సంగతి మాత్రం మనవాళ్లకు సులువు. జర్మన్‌లో పెద్దలకు, కొత్తవాళ్లకు ‘జీ’, దగ్గరివాళ్లకు ‘డూ’. ఆప్, తుమ్ తెలిసిన ఇంట్లో, మీరు, నువ్వు తెలిసిన ఇంట్లో పుట్టినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. ప్రొఫెసర్‌ను, మేనేజర్‌ను వాళ్లంతట వాళ్లు ‘డూ’ అనమనే దాకా ‘జీ’ అనే పిలవాలి. కాకపోతే ‘సర్, సర్’ అనడం ఉండదు. ఇంటిపేరుతో పిలుస్తారు. పని తెలియకపోతే తెలియదని మొదటి రోజే అడగడం అక్కడ మర్యాద. తల ఊపి వచ్చి తప్పుగా చేసి పెట్టడమే వాళ్లకు నచ్చదు.

ఇంటర్న్‌షిప్ ముగిశాక కంపెనీ నుంచి రాతపూర్వక ప్రశంసాపత్రం అడిగి తీసుకోవాలి, అది హక్కు. ఆ పత్రాల భాష విచిత్రంగా ఉంటుంది. ‘మాకు తృప్తి కలిగించాడు’ అని రాస్తే బొటాబొటి మార్కు. ‘ఎల్లప్పుడూ సంపూర్ణ తృప్తి’ అనే అర్థం వచ్చే మాట ఉంటేనే మంచి మార్కు. జర్మన్ బాగా తెలిసినవాళ్లతో చదివించుకుని, తేడా ఉంటే అప్పుడే అడగాలి.

నమాజు, జుమా, రంజాన్

జర్మనీ చలికాలంలో పగలు చాలా చిన్నది. డిసెంబర్‌లో బెర్లిన్‌లో ఉదయం 8 దాటాక సూర్యుడొస్తాడు, సాయంత్రం 4 కాకముందే మునుగుతాడు. అంటే జుహర్, అసర్, మగ్రిబ్ మూడూ ఆఫీసు వేళలోనే పడతాయి. జుహర్ భోజన విరామంలో అయిపోతుంది, మిగతా రెండింటికి చెరో ఐదు పది నిమిషాలు కావాలి. సిగరెట్‌కు బయటికెళ్లే వాళ్లకు ఇచ్చే టైమే ఇది. చేరిన మొదటి వారంలోనే మేనేజర్‌కు నెమ్మదిగా చెప్పి, ఖాళీ మీటింగ్ రూమ్ అడిగినవాళ్లకు చాలాచోట్ల ఇబ్బంది రాదు. చెప్పకుండా మాయమైపోతేనే సమస్య. అక్కడ మనిషి ఎక్కడున్నాడో తెలియకపోవడాన్నే తప్పుగా చూస్తారు. కొన్ని యూనివర్సిటీల్లో అన్ని మతాలవాళ్లకు ‘నిశ్శబ్ద గది’ ఉంటుంది. ఆరంభ వారంలోనే ఎక్కడుందో కనుక్కోవాలి. ఉద్యోగంలో మతం కారణంగా వివక్ష చూపకూడదని 2006 నాటి చట్టం ఉంది.

జుమా విషయం గడియారం మీద ఆధారపడుతుంది. అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుపుతారు. ఆ తర్వాత జుహర్ 12 దాటగానే మొదలవుతుంది. వేసవిలో గంట ఆలస్యంగా. మసీదు ఆఫీసుకు దూరమైతే అరగంట భోజన విరామం సరిపోదు. ముందో వెనకో గంటలు సర్దుకునే సౌకర్యం చాలా కంపెనీల్లో ఉంటుంది, కాబట్టి కాంట్రాక్టు మీద సంతకం పెట్టే ముందే ఆ మాట అడిగేయాలి. మసీదుల్లో ఎక్కువ టర్కీవాళ్లవి, హనఫీ పద్ధతి కాబట్టి మనవాళ్లకు కొత్తగా అనిపించదు. ఖుత్బా టర్కీ భాషలోనో, అరబ్బీలోనో, జర్మన్‌లోనో ఉంటుంది. కొలోన్‌లోని సెంట్రల్ మసీదు, బెర్లిన్‌లోని షెహిత్లిక్ మసీదు పెద్దవి. చిన్న ఊళ్లలో వెనక సందులో ఒక పాత దుకాణంలోనే మసీదు ఉంటుంది, బయటి నుంచి చూస్తే తెలియదు.

2027లో రంజాన్ ఫిబ్రవరి 8 ప్రాంతంలో మొదలవుతుంది. సరిగ్గా శీతాకాల సెమిస్టర్ పరీక్షల వేళ. రోజా పొడవు భయపెట్టేది కాదు. నెల మొదట్లో బెర్లిన్‌లో ఉపవాసం హైదరాబాద్ కంటే తక్కువే. కష్టం ఒంటరితనం దగ్గర వస్తుంది. ఇఫ్తార్‌కు గదిలో ఒక్కరే కూర్చునే పిల్లలకు మసీదు ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ పెద్ద ఊరట, అక్కడే గది సమాచారమూ పని సమాచారమూ దొరుకుతాయి. టర్కీ మసీదులు లెక్క కట్టిన క్యాలెండర్ పాటిస్తాయి కాబట్టి మన దగ్గర చాంద్ రాత్ సందడి నడుస్తున్నప్పుడే అక్కడ ఈద్ నమాజు అయిపోవడం తరచూ జరుగుతుంది. ఈద్‌కు సెలవు లేదు. తప్పనిసరి ఇంటర్న్‌షిప్‌లో ఉన్నవాళ్లకు చట్టప్రకారం సెలవుల హక్కు కూడా ఉండదు, కాబట్టి ఆ రోజును నెల ముందే అడిగిపెట్టుకోవాలి.

హలాల్ మాంసం టర్కీ, అరబ్బు దుకాణాల్లో దొరుకుతుంది. టర్కీ వాళ్లు ‘హెలాల్’ అని రాస్తారు. ఇక్కడొక మాట తెలిసుండాలి. జర్మనీ చట్టం ప్రకారం జంతువును స్పృహ తప్పించకుండా జబా చేయాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. అందువల్ల అక్కడి హలాల్ మాంసంలో చాలావరకు కొద్దిపాటి కరెంటుతో స్పృహ తప్పించాక కోసిందే. దీని మీద అభిప్రాయ భేదాలున్నాయి. ఇంట్లో నమ్మే ఆలిమ్‌ను అడిగి విద్యార్థి వెళ్లే ముందే ఒక నిర్ణయానికి రావడం మంచిది. డోనర్ కబాబ్ అమ్మే ప్రతి దుకాణమూ హలాల్ కాదు. సూపర్‌మార్కెట్‌లో ప్యాకెట్ వెనక ‘ష్వైన్’, ‘ష్పెక్’, ‘ష్మాల్ట్స్’, ‘జెలటీనె’ అనే మాటలు చూడటం నేర్చుకోవాలి. మొదటి రెండూ పంది మాంసం, మూడోది ఎక్కువగా పంది కొవ్వు, నాలుగోది గమ్మీ మిఠాయిల్లో, పెరుగు డెజర్ట్‌లలో దాక్కునే జెలటిన్. యూనివర్సిటీ క్యాంటీన్లలో శాకాహారం రోజూ ఉంటుంది. చవకగా కడుపు నింపుకునే దారి అదే.

ఆఫీసు వాళ్లు డిసెంబర్‌లో క్రిస్మస్ మార్కెట్‌కు తీసుకెళ్తారు. అక్కడ వేడి వేడి ద్రాక్ష సారాయి తాగుతారు. పక్కనే పిల్లల కోసం సారాయి కలపని ‘కిండర్‌పుంష్’ కూడా ఉంటుంది, అది పట్టుకుని నిలబడితే ఎవరూ ఏమీ అనరు. వెళ్లకుండా గదిలో కూర్చుంటే సహోద్యోగులతో పరిచయం పెరిగే దారి మూసుకుపోతుంది. చేతులు కలపడం ఇష్టంలేని అమ్మాయిలు, అబ్బాయిలు చేయి గుండె మీద పెట్టుకుని నవ్వుతూ ముందే పలకరిస్తే ఇబ్బందికర క్షణం రాదు.

ఇంటితో ఫోన్

చలికాలంలో ఇండియా నాలుగున్నర గంటలు ముందుంటుంది, వేసవిలో మూడున్నర. హైదరాబాద్‌లో రాత్రి తొమ్మిదైతే అక్కడ సాయంత్రం నాలుగున్నర, క్లాసులో ఉండే టైమ్. ఫోన్ ఎత్తలేదని ఇంట్లో కంగారు పడేకంటే ఆదివారం ఒక టైమ్ పెట్టుకోవడం నయం. నవంబర్, డిసెంబర్‌లలో ఎండ కనిపించక, మాట్లాడే మనిషి లేక చాలామంది పిల్లలు లోపల్లోపల కుంగిపోతారు. ‘అంతా బాగానే ఉంది’ అనే మాట పొట్టిగా వస్తుంటే తల్లిదండ్రులు మార్కుల మాట పక్కనపెట్టి తిన్నాడా, పడుకున్నాడా, బయటికెళ్తున్నాడా అని అడగాలి. యూనివర్సిటీల్లో ఉచిత కౌన్సెలింగ్ ఉంటుంది, చాలాచోట్ల ఇంగ్లిష్‌లో కూడా. ప్రాణాపాయమైతే 112, రాత్రిపూట డాక్టర్ కావాల్సి వస్తే 116117. పాస్‌పోర్టు పోతే బెర్లిన్‌లోని భారత రాయబార కార్యాలయం, లేదా ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, హాంబర్గ్‌లలోని కాన్సులేట్లు. పర్మిట్‌లో ఏ ఊరు ఉంటే దానికి సంబంధించిన కార్యాలయానికే వెళ్లాలి.

పరీక్షల హడావుడిలో చాలామంది మర్చిపోయే పని ఒకటి మిగిలింది. తర్వాతి సెమిస్టర్‌లో కొనసాగాలంటే ఆ రుసుము గడువులోగా మళ్లీ కట్టాలి. వేసవి సెమిస్టర్‌కు ఈ గడువు చాలాచోట్ల జనవరి, ఫిబ్రవరిలలోనే పడుతుంది. కట్టకపోతే యూనివర్సిటీ పేరు తీసేస్తుంది, దాంతో పర్మిట్, ఇన్సూరెన్స్, టికెట్ అన్నీ ఒకేసారి కదులుతాయి. యూనివర్సిటీ ఇచ్చిన ఈమెయిల్‌ను రోజూ చూసే అలవాటు మొదటి వారం నుంచే ఉండాలి, ఈ గడువు తేదీ వచ్చేది ఆ ఈమెయిల్‌కే.